బియ్యం గుమ్మం దాకా వస్తాయి, అన్నం రాదు: విశాఖలో వృద్ధుల తిండికి ప్రభుత్వ సొమ్ము వచ్చే దారులు

తాటిచెట్లపాలెం వైపు కొండవాలు ఇళ్లలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోందనుకుందాం. వయసు 78. మోకాళ్లు పట్టేశాయి, చూపు ఆనదు. ఆవిడ తిండి మీద ప్రభుత్వం నెలకు ఎంత ఖర్చు పెడుతోందని అడిగితే, ఒక్క ముక్కలో జవాబు చెప్పగల ఆఫీసు విశాఖపట్నంలో ఎక్కడా దొరకదు. ఖర్చు పెట్టక కాదు. పింఛను ఒక శాఖ నుంచి, బియ్యం ఒక శాఖ నుంచి, ఐదు రూపాయల భోజనం మరో శాఖ నుంచి వస్తాయి. వృద్ధాశ్రమాల సంగతి ఇంకో శాఖ చూస్తుంది, కొడుకులు కూడు పెట్టకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్లాలి. ఇన్ని పద్దులున్నా 'వృద్ధులకు వండిన భోజనం' అనే పద్దు మాత్రం వీటిలో లేదు. బడిపిల్లలకు ఆ పద్దు ఉంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ ఉంది. ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం డబ్బో బియ్యమో చేతిలో పెట్టి, వండుకోవడం వాళ్లకే వదిలేస్తుంది.

అన్నిటికంటే పెద్దది పింఛను. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. 60 నిండాలి. మత్స్యకారులు, చేనేతవారు, గీత కార్మికులకైతే 50కే వస్తుంది. అందుకే పెదజాలరిపేటలో జీవితమంతా వేట చేసిన మనిషికీ, ఎంవీపీ కాలనీలో జీవితమంతా ఇళ్లలో అంట్లు తోమిన మనిషికీ అర్హతలో పదేళ్ల తేడా ఉంటుంది. ఒంటి అరుగుదలలో అంత తేడా ఉంటుందని నేననుకోను.

ఈ నాలుగు వేలలో ఢిల్లీ వాటా ఎంతో చాలామందికి తెలియదు. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వృద్ధులకు ఇచ్చింది నెలకు 75 రూపాయలు. తర్వాత అది 200 అయింది. 2011లో 80 దాటినవాళ్లకు 500 చేశారు, అర్హత వయసు 65 నుంచి 60కి దించారు. అక్కడితో ఆగిపోయింది. కందిపప్పు ధర అప్పటికీ ఇప్పటికీ ఎంత మారిందో ఇంట్లో సరుకులు తెచ్చే ఎవరినైనా అడగండి. ఆ 200 కూడా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారని కేంద్రం ఒప్పుకున్న సంఖ్య వరకే. మన పెద్దావిడ ఆ లెక్కలో ఉంటే ఆవిడ నాలుగు వేలలో కేంద్రానిది ఇరవయ్యో వంతు. లేకపోతే మొత్తం రాష్ట్రమే భరిస్తుంది. 2024 జులై 1న బకాయిలతో కలిపి తలా 7,000 పంచిన రోజున రాష్ట్రంలో అన్నిరకాల పింఛనుదారులు సుమారు 65 లక్షలు, ఆ ఒక్కరోజు ఖర్చు 4,400 కోట్లకు పైనే. ఏడాదికి లెక్కేస్తే ముప్పై వేల కోట్లు దాటుతుంది. కాబట్టి వృద్ధుల మీద ప్రభుత్వం ఖర్చు పెట్టడం లేదనే మాట ఆంధ్రలో చెల్లదు.

అయితే ఈ డబ్బు తిండికి సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. సాధారణంగా ఒక బియ్యం కార్డు మీద ఒక పింఛనే ఇస్తారు. దివ్యాంగుల్లాంటి కొందరికి మాత్రం మినహాయింపు ఉంది. భార్యాభర్తలిద్దరూ 60 దాటినవాళ్లయితే నాలుగు వేలూ ఇద్దరికీ కలిపే. మనిషికి రోజుకు 67 రూపాయలు. ఇందులోంచే అద్దె, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు, ఒక్కోసారి కొడుకు ఆటో కిస్తీ కూడా. పింఛను ఇచ్చే రోజున వృద్ధుల ఇళ్లలో కనబడే సంతోషం నిజమైనదే, దాన్ని ఉచితాలు అని వెక్కిరించేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ అది బతకడానికి ఇచ్చే డబ్బు. అందులో తిండి వాటా ఎప్పుడూ చివరికి మిగిలినదే.

రెండోది బియ్యం. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇవి పూర్తిగా ఉచితం. దిక్కులేని వృద్ధులు అంత్యోదయ కిందికి రావాలని నిబంధనల్లోనే ఉంది. 35 కిలోల కార్డు దొరికిన ఒంటరి మనిషికి బియ్యానికి లోటుండదు. అది లేనివాళ్లకు మాత్రం ఐదు కిలోలే.

ఈ ఐదు కిలోల్ని ఒకసారి పోషకాహార లెక్కలోకి మార్చి చూడాలి. రోజుకు సుమారు 167 గ్రాములు. దాంట్లో దాదాపు 590 కేలరీలు, 13 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో వయోజనులకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికైతే రోజుకు 41, 42 గ్రాములు. వయసు మళ్లినకొద్దీ కండ కరిగిపోతుంది కాబట్టి వృద్ధులకు కిలోకి ఒక గ్రాము, ఆపైన కూడా ఉండాలని నిపుణులు చాలామంది అంటారు. అంటే ఉచిత బియ్యం ప్రొటీన్ అవసరంలో మూడో వంతు కూడా తీర్చవు. మిగతాది పప్పు, గుడ్డు, పాలు, చేపల నుంచి రావాలి. అవన్నీ కొనుక్కోవాల్సినవే. మన ఉత్తరాంధ్రలో పాతకాలపు ముసలివాళ్లు చోడి (రాగి) అంబలి, ఎండు చేపల కూరతో ఈ లోటును కొంత పూడ్చుకునేవారు. ఇప్పుడు చోళ్లూ చవక కాదు, ఎండు నెత్తళ్లూ చవక కాదు. దేశవ్యాప్తంగా 2017-18లో జరిగిన పెద్ద సర్వేలో 60 దాటినవాళ్లలో 27 శాతం మంది ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నట్టు తేలింది. రేషన్ ధాన్యం పంచని రాష్ట్రం దేశంలో లేదు, అయినా పరిస్థితి ఇది.

రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు కలపడం మంచి ఆలోచనే. వృద్ధులకు బీ12 లోపం ఎక్కువ. కానీ ఆ గింజలు కాస్త తేడాగా కనబడతాయి, కడిగేటప్పుడు పైకి తేలతాయి. 'ప్లాస్టిక్ బియ్యం' అని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మందు వేసి పంపినవాళ్లు అది మందు అని చెప్పడం మరిచిపోయారన్నమాట.

పంపిణీలో మాత్రం ఒక మంచి మార్పు వచ్చింది. 2021లో వచ్చిన రేషన్ బళ్లను 2025 జూన్ 1 నుంచి తీసేసి మళ్లీ డిపోల్లోనే సరుకులు ఇస్తున్నారు. అయితే 65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు డీలరే ఇంటికి తెచ్చివ్వాలని నియమం పెట్టారు. కొండవాలు ఇళ్లున్న ఊరికి ఇది చాలా పెద్ద విషయం. ఆరిలోవలోనో కప్పరాడలోనో మెట్ల మీదుగా బియ్యం సంచి మోసుకెళ్లడం పాతికేళ్ల కుర్రాడికే ఆయాసం తెప్పిస్తుంది.

సరే, బియ్యం గుమ్మంలోకి వచ్చాయి. తర్వాత? గ్యాస్ వెలిగించాలి, కుక్కర్ ఎత్తాలి, కూర తరగాలి. చేతులు వణికే మనిషి వేడి గంజి వార్చడం ప్రమాదం కూడా. ఒంటరిగా ఉన్న చాలామంది పొద్దున ఒక్కసారి అన్నం వండేసి, రాత్రికి అదే మజ్జిగలో కలుపుకుని, కాస్త ఊరగాయ నంజుకుని పడుకుంటారు. ఆకలి తీరుతుంది. ఒళ్లు మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది. పళ్లు ఊడినవాళ్లకు పప్పు తప్ప ఇంకేదీ నమలడం కుదరదు. పేద వృద్ధులకు కట్టుడు పళ్లు, కళ్లజోళ్లు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం ఉంది. 2017లో దాన్ని మొదలుపెట్టింది మన నెల్లూరులోనే. పోషకాహారం గురించి మాట్లాడే ఎవరూ దాన్ని పోషకాహార పథకంగా చూడరు. నిజానికి పళ్ల సెట్టు గుడ్డుకంటే ముందు రావాలి.

అన్న క్యాంటీన్ లెక్క

ఇంట్లో ఉండే వృద్ధులు తినగల వండిన భోజనానికి ప్రభుత్వ డబ్బు వచ్చే చోటు నగరంలో ఒక్కటే, అన్న క్యాంటీన్. 2018 జులైలో మొదలయ్యాయి. 2019 ఆగస్టు నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ మొదలై, విశాఖలోనూ తెరుచుకున్నాయి. పూటకు ఐదు రూపాయలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి భోజనం. వంట, సరఫరా హరేకృష్ణ మూవ్‌మెంట్ ఛారిటబుల్ ఫౌండేషన్‌ది. పెద్ద వంటశాలలో వండి, వేడి డబ్బాల్లో తెచ్చి వడ్డిస్తారు. మళ్లీ తెరిచినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం మూడు పూటలకూ మనిషికి అయ్యే ఖర్చు 90 రూపాయలు, తినేవాడు ఇచ్చేది 15, ప్రభుత్వం భరించేది 75. ఆదివారం సెలవు. ఎవరైనా నెలలో 26 రోజులూ మూడు పూటలూ తింటే వాళ్ల మీద ప్రభుత్వం పెట్టేది 1,950 రూపాయలు, అంటే పింఛనులో దాదాపు సగం.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. వంద మందికి ఒకేసారి వండితేనే మనిషికి రోజుకు 90 అవుతున్నప్పుడు, ఇద్దరు ముసలివాళ్లు తలకు 67 రూపాయలతో, చిల్లర ధరలకు కొని, తమ గ్యాస్ మీద వండుకుని, మిగతా ఖర్చులూ అందులోనే చూసుకోవాలి. క్యాంటీన్ ఉన్నది అందుకే అనొచ్చు. నిజమే, దగ్గరలో ఉండి, కాళ్లు బాగుంటే దీనికి మించింది లేదు. ఆసుపత్రుల దగ్గర, మార్కెట్ల దగ్గర మధ్యాహ్నం క్యూల్లో తలనెరిసినవాళ్లు ఎంతమందో చూస్తే తెలుస్తుంది.

కానీ ఆ ఏర్పాటు కూలీల కోసం, రిక్షా తొక్కేవాళ్ల కోసం, ఆసుపత్రికి రోగితో వచ్చినవాళ్ల కోసం చేసినది. ముసలివాళ్ల అవసరాలు వేరు. క్యూలో నిలబడాలి, చాలాచోట్ల నిలబడే తినాలి. అన్నం మోతాదు కష్టజీవికి తగ్గట్టు ఉంటుంది, గుడ్డు ఉండదు. షుగర్ ఉన్నవాళ్లకు వేరే పళ్లెం లేదు. ఆదివారం మూసి ఉంటుంది, ఆకలికి సెలవు ఉండదు కదా. అన్నిటికంటే ముఖ్యం, క్యాంటీన్ రోడ్డు మీద ఉంటుంది, మన పెద్దావిడ కొండ మీద ఉంటుంది. ఆ 75 రూపాయల సబ్సిడీలో ఆవిడ వాటా సున్నా. చెల్లింపు కూడా వడ్డించిన పళ్లేల లెక్కన జరిగేది కాబట్టి, కౌంటర్ దాకా రాలేని మనిషి ఆ లెక్కలోకే రాదు.

ఐదేళ్ల మూత గురించి కూడా ఒక మాట. రేషన్ బియ్యాన్ని ఏ ప్రభుత్వమూ ఆపలేదు, అది చట్టం. క్యాంటీన్‌ను ఆపొచ్చు, అది పథకం. ఒక ప్రభుత్వం తెరిచి, ఇంకో ప్రభుత్వం మూసి, మళ్లీ మొదటిది తెరవడం అందుకే సాధ్యమైంది. అలాంటప్పుడు దాని మీద ఆధారపడి ఇంట్లో వంట మానేయడం ఎవరికైనా భయమే.

దేవస్థానాల నిత్యాన్నదానం దీనికి పూర్తిగా వేరు. సింహాచలంలో అయినా, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో అయినా అది భక్తుల విరాళాల మీద నడిచేది, బడ్జెట్ సొమ్ము కాదు. అక్కడికీ మనిషి నడిచే వెళ్లాలి.

చట్టంలో ఉండాల్సింది ఎలా జారిపోయింది

ఆహార భద్రత బిల్లు 2011లో పార్లమెంటుకు వచ్చినప్పుడు అందులో దిక్కులేనివారికి రోజుకు కనీసం ఒక పూట ఉచిత భోజనం, ఇళ్లు లేనివారికి సామూహిక వంటశాలల్లో తక్కువ ధరకు భోజనం అనే హామీలున్నాయి. 2013లో చట్టమయ్యేసరికి ఆ భాగం లేదు. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు వండిన భోజనం హక్కుగా మిగిలింది. వృద్ధులకు గింజలు మిగిలాయి. అంతకుముందు 2000లో కేంద్రం అన్నపూర్ణ పథకం తెచ్చింది. పింఛనుకు అర్హత ఉండీ అందని 65 ఏళ్ల పైవారికి నెలకు 10 కిలోల ఉచిత ధాన్యం. 2001 నవంబరులో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు దాన్ని కచ్చితంగా అమలు చేయాలంది. అప్పటి నుంచీ ఢిల్లీ ఆలోచన ఒకటే, డబ్బు అందితే ధాన్యం అక్కర్లేదు, ధాన్యం అందితే చాలు. వండేదెవరన్న ప్రశ్న ఎవరికీ రాలేదు, బహుశా ఇంట్లో కోడలు ఉంటుందన్న ధీమాతో.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టమూ ఆ ధీమా మీదే నిలబడింది. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అందులో రాసుంది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. పనికొచ్చే చట్టమే. కానీ కొడుకు మీద కేసు పెట్టే తల్లులు మన ఊళ్లలో ఎందరుంటారు? ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమం ఉండాలన్న సెక్షన్ కూడా అందులోనే ఉంది గానీ, దాన్ని ప్రభుత్వ ఇష్టానికి వదిలేసినట్టు రాశారు. స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆశ్రమాలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ అటల్ వయో అభ్యుదయ యోజన కింద గ్రాంటు ఇస్తుంది. వృద్ధుడి భోజనం ఖర్చును సూటిగా లెక్కలోకి తీసుకునే ప్రభుత్వ సొమ్ము దాదాపు అదొక్కటే. అదీ ఇల్లు వదిలి వచ్చినవాళ్లకే.

పక్క రాష్ట్రంలో వేరేగా ఆలోచించినవాళ్లున్నారు. తమిళనాడులో 1982లో ఎంజీఆర్ పిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన కొద్ది నెలలకే, 1983 జనవరిలో, వృద్ధాప్య పింఛనుదారులనూ అందులో చేర్చారు. బడి దగ్గరి వంటశాలలోనే వాళ్లూ మధ్యాహ్నం తినొచ్చు. తినేవారికి నెలకు 2 కిలోల బియ్యం, తిననివారికి 4 కిలోలు ఇచ్చేలా లెక్క కట్టారు. కొత్త వంటశాల కట్టలేదు, ఉన్న పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టారు.

అమెరికా సంగతి విశాఖవాళ్లకు వేరే రకంగా తెలుసు. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన సీతమ్మధార, లాసన్స్ బే పెద్దలు అక్కడి సీనియర్ సెంటర్ల గురించి చెబుతుంటారు. 1965లో వచ్చిన వృద్ధుల చట్టానికి అక్కడ 1972లో భోజన కార్యక్రమం కలిపారు. తర్వాత కొన్నేళ్లకు ఇంటికి తెచ్చిచ్చే భోజనానికి విడిగా నిధి పెట్టారు. 60 దాటితే చాలు, ఆదాయం అడగకూడదు. తినేవాళ్లు ఇష్టమైతే ఎంతో కొంత వేస్తారు, వేయకపోయినా పెడతారు. ప్రతి భోజనంలో రోజువారీ పోషకాల్లో మూడో వంతు ఉండాలి. ఆ దేశం అంత డబ్బున్నదైనా నిధులు చాలక వెయిటింగ్ లిస్టులున్న ఊళ్లు అక్కడా ఉన్నాయి. మనం తీసుకోవాల్సింది వాళ్ల బడ్జెట్‌ను కాదు. నడవగలిగినవాళ్లకు ఒక పద్దు, నడవలేనివాళ్లకు ఇంకో పద్దు అని విడదీసిన తీరును.

ఆదాయం అడగకపోవడంలో ఒక లోతు ఉంది. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో రిటైరై, పిల్లలు దూరదేశాల్లో ఉన్న దంపతుల్లో ఒకరు పోతే, మిగిలినవారి దగ్గర డబ్బుంటుంది గానీ వంటకు ఓపిక ఉండదు. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునే కూరలో ఉప్పు, నూనె వాళ్ల బీపీకి సరిపడవు. నెలకింతని క్యారేజీ పంపేవాళ్లు దొరికినా, ఎవరైనా జబ్బుపడితే అదీ ఆగిపోతుంది. ఇలాంటివాళ్లు పూర్తి ధర ఇచ్చి తీసుకుంటారు. వాళ్లిచ్చే డబ్బు పేదవాళ్ల భోజనానికి ఆసరా కూడా అవుతుంది.

విశాఖలో ఇది మొదలుపెట్టాలంటే కావలసినవి చాలామటుకు ఉన్నాయి. వంటశాల ఉంది. నడవలేనివాళ్ల జాబితా కొత్తగా రాయక్కర్లేదు. పింఛను ఇంటికి తెచ్చే వార్డు సచివాలయం సిబ్బందికీ, బియ్యం తెచ్చే రేషన్ డీలరుకూ ఎవరి ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో తెలుసు. మోసేవాళ్లు కావాలి, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ప్రతి వార్డులో మహిళా సంఘాలున్నాయి. నా అంచనా ఇలా ఉంటుంది: క్యాంటీన్ లెక్కన పూటకు సగటున 30 రూపాయలు, గుడ్డుకు, మోతకు కలిపి మరో 20. మధ్యాహ్నం ఒక్క పూటే, ఆదివారంతో సహా, రెండు వేల మందికి ఇస్తే నెలకు 30 లక్షలు, ఏడాదికి 3 కోట్ల 60 లక్షలు. వేల కోట్లలో బడ్జెట్ వేసే విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఇది భారం అనలేం. పైగా రోజూ ఒక మనిషి తలుపు కొడితే, ఎవరైనా జారిపడ్డా, జ్వరంతో పడున్నా ఆ పూటే తెలుస్తుంది.

కష్టం డబ్బు దగ్గర కాదు, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉండాలన్న దగ్గర. పింఛను శాఖ 'మేం డబ్బు ఇస్తున్నాం' అంటుంది, పౌరసరఫరాల శాఖ 'మేం బియ్యం ఇస్తున్నాం' అంటుంది, ఇద్దరిదీ నిజమే. నా ఓటు మున్సిపల్ శాఖకే. క్యాంటీన్లూ, మెప్మా రెండూ దాని కిందే ఉన్నాయి కాబట్టి కొత్త శాఖతో ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి. ఒక్క జోన్‌లో, ముఖ్యంగా కొండవాలు ఇళ్లు ఎక్కువున్న చోట ముందు మొదలుపెట్టి చూడొచ్చు. పళ్లెం లెక్కన కాక మనిషి లెక్కన చెల్లించేలా ఒప్పందం మార్చడం మాత్రం మొదటి రోజే చేయాలి.

అదొచ్చేలోగా ఉన్నవి వదులుకోకూడదు. 65 దాటినవారి ఇంటికి డీలరు బియ్యం తేకపోతే 1967కి ఫోన్ చేయొచ్చు. తిండి పెట్టని ఇల్లు, వదిలేసిన మనిషి కనబడితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఒంటరి వృద్ధుల దగ్గర మామూలు కార్డు ఉంటే, అంత్యోదయకు మార్చమని వార్డు సచివాలయంలో అర్జీ పెట్టించండి. ఐదు కిలోలకీ ముప్పై ఐదు కిలోలకీ తేడా ఆ ఒక్క కాగితమే. భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే భార్య పేరు మీదికి మార్చే వీలుంది, అదీ ఆలస్యం చేయకుండా అడగాలి. కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లి వరసగా మూడు నెలలు పింఛను తీసుకోకపోతే వలస వెళ్లినట్టు రాసి పింఛను ఆపేస్తారు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. రెండో నెలలోపు ఒకసారి వచ్చి వేలిముద్ర వేసి వెళ్లడం మేలు.